జానెడు జాగా, మూడు వేళ్ల ఎత్తు

బక్రీద్ మర్నాడు కర్నూలులో మామూ దుకాణంలో కూర్చున్నాను. అమ్మీకి ఆఖరి తమ్ముడు. నలభై ఏళ్లకు పైగా కార్లకు, జీపులకు, లారీలకు వైరింగ్ చేస్తున్నాడు. ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ ఉస్తాదే. నా చిన్నప్పుడు దుకాణం ముందు బళ్లు బారులు తీరి ఉండేవి. ఇప్పుడు బల్ల మీద పాత టేప్ డెక్కుల గుట్ట ఉంది, దాని మీద దుమ్ము ఉంది.

అంతలో ఒకాయన కొత్త కారు తెచ్చి ఆపాడు. అందులో టీవీ అంత స్క్రీన్ ఉంది. పాట సరిగా వినబడట్లేదట, తీసేసి మంచిది పెట్టమన్నాడు. మామూ టార్చి వేసి డ్యాష్‌బోర్డు కింద, పక్కల చూశాడు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "సాబ్, దీన్ని పీకితే ఏసీ పోతుంది, వెనకాల చూపించే కెమెరా పోతుంది, గ్యారంటీ కూడా పోతుంది" అన్నాడు. ఆయన వెళ్లిపోయాక నావైపు తిరిగి, "పైలే గాడ్యా మే జాగా రయితీ థీ బేటా. అబ్ జాగాచ్ నై" అన్నాడు.

ఆ జాగా సంగతే ఈసారి రాస్తున్నాను. బాద్‌షాల కిస్సాలు, కిలాల కిస్సాలు చాలానే రాసుకున్నాం. కారు డ్యాష్‌బోర్డులో ఉండే ఒక కంతకు కూడా తవారీఖ్ ఉంది. మన గల్లీల్లో చాలా పొయ్యిలు దాని మీద వెలిగాయి.

కారులో పాట వినాలన్న షౌక్ దాదాపు కారంత పాతది. 1930లో అమెరికాలోని షికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ అనే అన్నదమ్ములు తమ చిన్న కంపెనీలో కారు రేడియో తయారు చేశారు. అట్లాంటిక్ సిటీలో రేడియో వ్యాపారుల జల్సా జరుగుతుంటే, పాల్ గాల్విన్ తన స్టూడీబేకర్ కారులో రేడియో బిగించి అక్కడికి తోలుకుపోయాడు. లోపల స్టాలుకు పైసలు లేవు. కారు బయటే నిలబెట్టి, రేడియో గట్టిగా పెట్టి, వచ్చేపోయే వాళ్లకు వినిపించాడు. ఆర్డర్లు దొరికాయి. దానికి పెట్టిన పేరు మోటొరోలా. తర్వాత కంపెనీ పేరే అదైంది. మన చేతుల్లోకి సెల్‌ఫోనై వచ్చిన మోటొరోలా పుట్టుకతో కారు రేడియో అన్నమాట.

ఇంకో కిస్సా కూడా చెప్పుకుంటారు. గాల్విన్ అప్పు కోసం ఒక బ్యాంకరు దగ్గరికి వెళ్లి, ఆయన్ని ఖుష్ చేద్దామని ఆయన కారులో రేడియో పెట్టించాడట. అరగంటకు కారు అంటుకుందట. అప్పు పుట్టలేదని వేరే చెప్పాలా! ఈ కిస్సా చెబితే మామూ కడుపుబ్బ నవ్వాడు. "ఫ్యూజ్ పెట్టలేదు వాడు" అన్నాడు.

ఆ రోజుల్లో రేడియో ధర 110 నుంచి 130 డాలర్లు. కొత్త ఫోర్డ్ కారే 540 డాలర్లకు వచ్చే జమానా అది. బిగించడం ధరకు మించిన బాధ. ఇద్దరు మనుషులు రోజుల తరబడి డ్యాష్‌బోర్డు విప్పి, ఏరియల్ కోసం పైకప్పు బట్ట విప్పి, బ్యాటరీల కోసం కింద చెక్కకు కంత కోసేవారు. రేడియోలో గాజు వాల్వులుండేవి. వాటికి రెండొందల వోల్టుల దాకా కావాలి, కారు బ్యాటరీ ఇచ్చేది ఆరు. అందుకే మొదట్లో వేరే బ్యాటరీలు పెట్టారు. తర్వాత వైబ్రేటర్ అనే చిన్న డబ్బా వచ్చింది. అది కందిరీగలా రొద చేస్తూ ఆరు వోల్టుల కరెంటును తెంపి తెంపి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపేది, అక్కడ వోల్టేజి పెరిగేది.

యూరప్‌లో బ్లావ్‌పుంక్ట్ కంపెనీ 1932లో తెచ్చిన ఏఎస్ 5 రేడియో పది లీటర్ల క్యాన్ అంత ఉండేది. ధర 465 రైష్‌మార్కులు, కారు ధరలో మూడో వంతు. అంత పెట్టెను డ్రైవర్ ముందు ఎక్కడ పెడతారు? పెట్టె ఒక మూల, తిప్పే గుబ్బలు స్టీరింగ్ రాడ్ మీద. తల ఒకచోట, ఒళ్లు ఇంకోచోట. ఇవాళ దుకాణాల్లో 'హెడ్ యూనిట్' అంటున్నది ఆ తలనే. చేతికి అందేచోట కూర్చుని మొత్తం ఆవాజ్ మీద హుకుం చలాయించే భాగం అది.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఒళ్లు తగ్గింది. 1955లో క్రైస్లర్, ఫిల్కో కంపెనీలు కలిసి వాల్వుల్లేని కారు రేడియో తెచ్చాయి, ధర 150 డాలర్లు. రేడియోవాడు వేసిందే వినాలా, మనకిష్టమైంది వినలేమా అన్న ఫికర్ అప్పుడే మొదలైంది. 1956లో అదే క్రైస్లర్ కార్లలో గ్రామఫోను పెట్టారు! నడిచే కారులో రికార్డు తిరుగుతుంది, దాని మీద ముల్లు. మన రోడ్ల మీద అయితే ముల్లు రెండో నిమిషంలో ఒళ్లో పడేది. అమెరికా రోడ్ల మీద కూడా మూడు నాలుగేళ్లకు మించి నిలవలేదు. తర్వాత ఎయిట్ ట్రాక్ అని లావుపాటి టేపు డబ్బా వచ్చింది, 1965 చివర్లో ఫోర్డ్ తన కార్లలో పెట్టింది. దాన్ని తయారు చేసిన బిల్ లియర్ ముప్పై ఏళ్ల కింద గాల్విన్‌ల కారు రేడియోకు పనిచేసినవాడే. మధ్యలో జెట్ విమానాలు కూడా కట్టాడు. ఆ డబ్బాలో టేపు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, వెనక్కి తిప్పలేం. పాట మధ్యలో 'టక్' మని ట్రాక్ మారేది.

మన ఇళ్లకు చేరింది మాత్రం ఫిలిప్స్ వాళ్ల కేసెట్. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో చూపించారు. తమ కొలత ప్రకారం చేసేటట్టయితే ఎవరైనా చేసుకోవచ్చని, రాయల్టీ అడగమని చెప్పారు. ఆ ఒక్క ఇజాజత్ లేకపోతే జపాన్ వాళ్లు దాని మీద పడేవాళ్లు కాదు. ఢిల్లీలో టి-సిరీస్ సగం ధరకు కేసెట్లు అమ్మేది కాదు. మన పేటల్లో రోజూ కేసెట్ ఆవాజ్ వినబడేదీ కాదు.

ఇప్పుడు అసలు జాగా దగ్గరికి వద్దాం.

కేసెట్ కుదురుకున్నా డెక్ ఎక్కడ కూర్చోవాలన్నది తేలలేదు. ఒక్కో కారు కంపెనీ డ్యాష్‌బోర్డుకు ఒక్కో కంత కోసేది. ఎడమ పక్క ఒక గుబ్బ, కుడి పక్క ఒక గుబ్బ, మధ్యలో ముక్కు లాంటి మూతి, ఆ మూడింటి మధ్య దూరం ఏ రెండు కార్లకూ కలిసేది కాదు. మన అంబాసిడర్లలో, ఫియట్లలో డెక్‌ను ఇనుప పట్టీతో డ్యాష్‌బోర్డు కింద వేలాడదీసేవారు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాలికి అది తగలని రోజు ఉండేది కాదు. జర్మనీలో కొలతలు నిర్ణయించే సంస్థ ఒకటుంది, దాని పేరు పొట్టిగా డిన్. మొల మందం దగ్గర్నుంచి కాగితం సైజు దాకా (మనం వాడే ఏ4 వాళ్లదే) అన్నిటికీ నంబరు వేసి కొలత రాస్తారు. కారు రేడియో కొలతకు వేసిన నంబరు 75490. ముఖం వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. అంటే జానెడుకు కాస్త తక్కువ వెడల్పు, మూడు వేళ్ల ఎత్తు. 1984లో ఈ కొలతే ఐఎస్‌ఓ 7736 పేరుతో దునియా మొత్తానికి కొలత అయింది. తర్వాత జపాన్ కార్లతో రెండింతల ఎత్తు జాగా వచ్చింది, అదే డబుల్ డిన్.

ఇంతే. ఒక కాగితం మీద రెండు అంకెలు. కానీ ఆ అంకెలు ఏం చేశాయో మా మామూ దుకాణంలో నా కళ్లతో చూశాను.

1990ల మొదట్లో మారుతి తరం కార్లు కర్నూలుకు వస్తున్నాయి. చాలావాటిలో స్టీరియో ఉండేది కాదు. డ్యాష్‌బోర్డులో ఒక ప్లాస్టిక్ మూత ఉండేది, దాన్ని వేలితో పీకితే వెనకాల ఖాళీ జాగా. కడప నుంచి, కర్నూలు నుంచి గల్ఫ్ పోయినవాళ్లు సెలవులకు వస్తూ అత్తరు సీసాలతో, జానిమాజ్‌లతో పాటు పయొనీర్ డెక్కో, కెన్‌వుడ్ డెక్కో తెచ్చేవారు. జపాన్ కంపెనీ తయారు చేసి, జిద్దా బజారులో అమ్మి, సంచిలో బట్టల మధ్య చుట్టి తెచ్చిన డబ్బా, కర్నూలులో మారుతి కారు కంతలోకి 'చక్' మని వెళ్లి కూర్చునేది. ఆకురాయి అక్కర్లేదు, రంపం అక్కర్లేదు. మామూకు ఇంగ్లీషు రాదు. జర్మన్ అంటే హిట్లర్ అని తప్ప ఇంకేం తెలియదు. అయినా బెర్లిన్‌లో గీసిన గీత ఆయనకు రోజీ పెట్టింది.

నేను ఉర్దూ మీడియం స్కూలు విడిచిపెట్టగానే అక్కడికి పరిగెత్తేవాణ్ని. ఆయన నాకు నేర్పిన మొదటి సబక్ రంగులు. పసుపు తీగ నేరుగా బ్యాటరీకి, ఎప్పుడూ ప్రాణంతో ఉండాలి. ఎర్ర తీగ తాళంచెవికి, చెవి తిప్పితేనే ప్రాణం. నల్లది బాడీ ఇనుముకు. తెలుపు ఎడమ ముందర స్పీకరు, బూడిద రంగు కుడి ముందర, ఆకుపచ్చ ఎడమ వెనక, ఊదా కుడి వెనక. నల్ల గీత ఉన్నదల్లా మైనస్. నీలం తీగ ఏరియల్ పైకి లేపడానికి. "పీలీ యాద్ రఖ్‌తీ, లాల్ జగాతీ" అనేవాడు. పసుపుది గుర్తు పెట్టుకుంటుంది, ఎర్రది నిద్ర లేపుతుంది. డెక్‌కు గడియారం, దొరికిన స్టేషన్లు, దొంగల కోసం పెట్టిన కోడ్ గుర్తుండేది పసుపు తీగ వల్లే. తర్వాత డిగ్రీలో తెలుగు వ్యాకరణం చదివేటప్పుడు కూడా ఇంత సాఫ్‌గా చెప్పిన మాస్టరు నాకు దొరకలేదు.

బిగించాక పరీక్ష చేయడానికి సొరుగులో మూడు కేసెట్లుండేవి. ఖారీ అబ్దుల్ బాసిత్ తిలావత్, అజీజ్ నాజాఁ ఖవ్వాలీలు, ఘంటసాల భగవద్గీత. కారు ఓనరు ముఖం చూసి కేసెట్ తీసేవాడు. గుల్బర్గా బందానవాజ్ దర్గాకు పోయే టాక్సీకీ అదే డెక్కు, మంత్రాలయం పోయే టాక్సీకీ అదే డెక్కు. రాత్రి కొట్టు కట్టేసేలోపు ఏదో ఒక బండిలో హైదరాబాద్ ఆకాశవాణి పట్టి నైరంగ్ వినేవాడు. మీడియం వేవ్ కాబట్టి ఇంజను నడుస్తుంటే అందులో గరగర. అందుకని ఇంజను ఆపి వినేవాళ్లం.

మనవాళ్లలో జీతమున్న నౌకరీ కంటే సొంత పని మీద బతికేవాళ్లే ఎక్కువని 2006లో సచార్ కమిటీ లెక్కలతో చెప్పింది. ఆ సొంత పనుల్లో ఆటో ఎలక్ట్రీషియన్ పని ఒకటి. ఏ సర్టిఫికెట్టూ అడగరు. ఒక టెస్టు లైటు, ఒక కట్టరు, రంగులు గుర్తుండే బుర్ర చాలు. విజయవాడ ఆటోనగర్‌కు పోయినా, హైదరాబాద్ గల్లీలకు పోయినా ఆ పని చేసే మన పిల్లలు కనబడతారు. జాగా ఒకటే, రంగులు ఒకటే కాబట్టి కర్నూలులో నేర్చిన హునర్ షార్జాలోనూ చెల్లింది. మామూ షాగిర్దులు ఇద్దరు అట్లా పోయినవాళ్లే.

మనవాళ్లంతా ఫరిష్తాలని మాత్రం రాయను. తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసేవాళ్లు, ఐదు రూపాయల ఫ్యూజ్ మిగుల్చుకునేవాళ్లు మనలో బోలెడు. నా సొంత అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల కింద నేనుండే ఊళ్లో ఒక దుకాణంలో నా పాత కారుకు చిన్న స్క్రీనున్న డెక్ పెట్టించాను. బిల్లు ఘనంగా వేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున అమ్మీని రైలెక్కించాలి, మామూ చిన్న కూతురి నిఖాకు కర్నూలు పోవాలి. తాళం తిప్పితే కారు మూలిగింది, అంతే. ఆటో దొరికేసరికి రైలు పోయింది. అమ్మీ బస్సులో పోయి చేరేసరికి ఖుబూల్ హై అయిపోయింది, దావత్ సగం అయిపోయింది. ఆ నిఖా ఆల్బంలో అమ్మీ లేదు.

మామూ ఆ హడావుడిలోనే ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న: "పీలీ, లాల్ ఎక్కడ కలిపారు?" విప్పి చూస్తే రెండూ కలిపి బ్యాటరీకి కట్టేశారు. తాళం దగ్గర తీగ వెతికే ఓపిక లేక. ఎర్ర తీగ ఎప్పుడూ మేలుకునే ఉంటే, చెవి తీసేశారన్న ఖబర్ డెక్‌కు అందదు. స్క్రీన్ నల్లగా అయినా లోపల అది మేలుకునే ఉంటుంది. గంటకు అర ఆంపియర్ తాగినా మూడు రోజులకు 36 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం దాదాపు అంతే. ఒకవేళ తిరగేసి, పసుపు తీగను కూడా తాళానికి కలిపితే బ్యాటరీకి ఢోకా లేదు గానీ, చెవి తీసిన ప్రతిసారీ స్టేషన్లన్నీ మరచిపోతుంది. కొన్ని యూరప్ కార్ల ప్లగ్గులో ఈ రెండు తీగల స్థానాలు తారుమారై ఉంటాయి. అందుకే రంగు చూసి కాదు, టెస్టు లైటు పెట్టి చూసి కలపమని మామూ ఇప్పటికీ మొత్తుకుంటాడు.

డబ్బా మీద రాసే వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది మోసపోతున్నారు. '50 వాట్లు × 4' అని అచ్చేస్తారు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది పధ్నాలుగు వోల్టులు. ఆ వోల్టేజికి, నాలుగు ఓముల స్పీకరుకు, డెక్ లోపలి చిన్న యాంప్లిఫయరు శుభ్రంగా ఇవ్వగలిగింది ఒక్కో స్పీకరుకు పదిహేను నుంచి ఇరవై రెండు వాట్లు. మిగతాది కాగితం మీది ఆవాజ్. ఎక్కువ కావాలంటే వేరే యాంప్లిఫయరు పెట్టుకోవాలి, డెక్ వెనక దానికోసం ప్రీ-అవుట్ అని గుండ్రటి సాకెట్లుంటాయి. డెక్ కొనేటప్పుడు వాట్లు కాదు, ఆ సాకెట్లు ఎన్ని, ఎన్ని వోల్టులిస్తాయి అని అడగండి. రెండు కంటే నాలుగు వోల్టులు మేలు, రొద తక్కువ.

డెక్ ముఖాలు మారుతూ వచ్చాయి. 1984లో పయొనీర్ కారు సీడీ ప్లేయరు తెచ్చింది. దొంగల భయానికి ముఖం ఊడదీసి జేబులో పెట్టుకునే డెక్కులు వచ్చాయి. వాటి ముఖం జేబులో వేసుకుని ఫంక్షన్ హాల్లో తిరగడం ఒకప్పుడు మనవాళ్లకు పెద్ద షాన్. తర్వాత ఆక్స్ కంత, యూఎస్‌బీ, బ్లూటూత్. 2014లో యాపిల్ కార్‌ప్లే, మరుసటి ఏడు ఆండ్రాయిడ్ ఆటో. ముఖం ఎన్నిసార్లు మారినా వెనక జాగా అదే. ముప్పై ఏళ్ల పాత కారులో కూడా ఇవాళ్టి డెక్ కూర్చుంటుంది. ఫోనులో ఏది మారితే అది కారులో మార్చుకునే హక్ ఓనరుకుంది.

ఆ జాగాను మూసింది ఏ దుష్మనో కాదు, దాని ఇంటివాళ్లే. బ్లావ్‌పుంక్ట్ 1933 నుంచి బాష్ కంపెనీ చేతిలో ఉంది. అదే బాష్ 1986లో క్యాన్ అనే పద్ధతిని బయటపెట్టింది. కారులోని ఇంజను, బ్రేకులు, దీపాలు, మీటర్లు ఒక్కోదానికి ఒక్కో తీగ లాగకుండా, రెండే తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. మంచి పద్ధతే, కిలోల కొద్దీ రాగి మిగిలింది. మెల్లగా స్టీరియో కూడా ఆ మాటల్లో కలిసింది. స్టీరింగ్ మీది బటన్లు, ఏసీ, రివర్స్ కెమెరా, సర్వీసు తేదీ, తలుపు బీప్ అన్నీ స్క్రీన్‌లోకి పోయాయి. ఇక ఆ స్క్రీన్ తీయడమంటే ఇంట్లోంచి రేడియో తీయడం కాదు, గోడ తీయడం. ఇటు డెక్కుల గిరాకీ తగ్గింది. బ్లావ్‌పుంక్ట్ కారు రేడియోల వ్యాపారాన్ని బాష్ 2009 నాటికి వదిలించుకుంది, 2016 వచ్చేసరికి అది దివాలా తీసింది. ఇప్పుడు ఆ పేరు రకరకాల డబ్బాల మీద కిరాయికి తిరుగుతోంది. 2023లో జనరల్ మోటార్స్ కంపెనీ తన కొత్త కరెంటు కార్లలో కార్‌ప్లే కూడా ఉండదని, తన సాఫ్ట్‌వేరే ఉంటుందని చెప్పేసింది. రేపు ఆ సాఫ్ట్‌వేరు పాతబడితే ఓనరు ఎవరి దగ్గరికి పోతాడు? పదేళ్ల తర్వాత స్క్రీన్ చచ్చిపోతే?

మామూను ఇదే అడిగాను. కొన్ని కార్లకు జాగా సరిపడే ప్లాస్టిక్ చట్రాలు, క్యాన్ మాటల్ని తర్జుమా చేసే చిన్న డబ్బాలు దొరుకుతాయన్నాడు. మామూ కొడుకు వాటిని తెప్పించి, ల్యాప్‌టాప్ పెట్టుకుని చేస్తున్నాడు. నెలకు నాలుగైదు బళ్లు. మిగతా రోజుల్లో సీటు కవర్లు, హారన్లు. "వాడికి నా రంగులతో పని లేదు" అన్నాడు మామూ, కోపం లేకుండానే.

తర్వాత బల్ల మీది గుట్టలోంచి ఒక పాత డెక్ లాగాడు. ముఖం మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచి, పసుపు, ఎర్ర తీగలు రెండూ కలిపి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాడు. నేను చూస్తున్నానని, "బల్ల మీద పర్వాలేదు బేటా, నిఖాకు పోయేది లేదు కదా" అన్నాడు. సొరుగులో అబ్దుల్ బాసిత్ కేసెట్ ఇంకా ఉంది. పెడితే ఆవాజ్ బరువుగా, సాగుతూ వచ్చింది. లోపల రబ్బరు బెల్టు వదులైంది. స్క్రూడ్రైవరుతో పైరేకు విప్పుతుండగా అసర్ అజాన్ మొదలైంది. మామూ ఎజెక్ట్ నొక్కి, కేసెట్ చేతిలో పట్టుకుని, అజాన్ అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు.